బండి బాధలు: ఎండకు ఆగి, నీడకు స్టార్టయ్యే కారు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: "నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోతోంది." ఎండలు ముదిరినప్పుడల్లా నల్లగొండలో మా షెడ్డుకు వచ్చే బండ్లదీ ఇదే కథ. అసలు స్టార్టే కాని బండి మెకానిక్‌కు సుఖం. రోగం ఎదురుగా కూర్చుని ఉంటుంది. రోడ్డు మీద ఆగి, షెడ్డుకు వచ్చేసరికి బుద్ధిమంతుడిలా నడిచే బండితోనే అసలు కిరికిరి. అందుకే ఈసారి ఒక ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చి, మిగతావి క్లుప్తంగా ముగిస్తున్నాను.

ప్రశ్న: మాది దేవరకొండ. నేను, మావారు ఇద్దరం టీచర్లం. 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఉంది, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. మార్చి నుంచి ప్రాణం తీస్తోంది. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ ఉండదు. మధ్యాహ్నం పూట నల్లగొండకు బయలుదేరితే మాత్రం కొండమల్లేపల్లి, గుర్రంపోడు దాటాక ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. చెట్టు కింద ఇరవై నిమిషాలు కూర్చుని మళ్లీ కొడితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. పొద్దున ఏడింటికి బయలుదేరిన రోజు ఒక్కసారీ ఆగలేదు. ప్లగ్గులు మార్చారు, బ్యాటరీ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, పదహారు వేలయింది. ఇప్పుడు ఇంకో మెకానిక్ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) పోయింది, ఇరవై ఎనిమిది వేలు అంటున్నాడు. మా అత్తమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది. ఈసీఎం మార్చాలా, బండి అమ్మేయాలా? ఇంకో మాట. మొన్న ఆగినప్పుడు పక్కనున్న మావారు చూశారట, బండి ఇంకా ముందుకు పోతుండగానే ఆర్పీఎం సూది (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) టక్కున సున్నాకు పడిపోయిందట. ఇది మీకు పనికొస్తుందో లేదో అని రాస్తున్నాను.

జవాబు: టీచరమ్మా, మీ ఉత్తరంలో పదహారు వేల కంటే విలువైనది ఆ చివరి వాక్యమే. "పనికొస్తుందో లేదో" అని మొహమాటపడుతూ రాశారు. నేనైతే దాన్నే మొదట చదివినట్టు లెక్క. నిమ్మకాయలు ఉండనీయండి, వాటితో నష్టమేమీ లేదు. ఈసీఎం మాత్రం ఇప్పుడే మార్చకండి.

ఎందుకో చెప్తాను. పెట్రోల్ ఇంజిన్ నడవడానికి కావలసినవి గాలి, పెట్రోలు, నిప్పు. ఈ మూడూ సరైన సమయానికి అందాలి. గాలి ఒక్కసారిగా ఆగడం అరుదు. కాబట్టి నడుస్తున్న బండి ఆగిందంటే పెట్రోలైనా ఆగి ఉండాలి, నిప్పయినా ఆగి ఉండాలి, లేదా ఎప్పుడు వదలాలో చెప్పే మనిషి నిద్రపోయి ఉండాలి. ఈ మూడింటిలో ఏది ఆగినా బండి ఆగుతుంది కానీ, ఆగే తీరు ఒక్కటి కాదు.

పెట్రోలు అందక ఆగే బండి ముందే చెప్పి ఆగుతుంది. దగ్గుతుంది, ఎత్తు మీద గుంజదు, యాక్సిలేటర్ నొక్కినా బరువుగా ఉంటుంది, రెండు మూడు కుదుపులిచ్చి చల్లబడుతుంది. గేరులోనే ఉంది కాబట్టి చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. ఆర్పీఎం సూది కూడా బండి వేగంతో పాటు మెల్లగా దిగుతుంది. మీ బండి అలా ఆగలేదు. చక్రాలు తిరుగుతున్నాయి, గేరు పడి ఉంది, అంటే లోపల ఇంజిన్ తిరుగుతూనే ఉంది. అయినా సూది సున్నాకు పడిపోయింది. దానర్థం ఏమిటి? ఇంజిన్ తిరుగుతోందన్న వార్త మీటరుకు అందలేదు. ఆ వార్త మోసుకొచ్చేది క్రాంక్ సెన్సార్. మీటరుకు అందని వార్త కంప్యూటరుకూ అంది ఉండదు. ఇంజిన్ ఆగిందనుకుని కంప్యూటరు పెట్రోలు, నిప్పు రెండూ బంద్ చేసింది. పాపం, ఈసీఎం తన పని సరిగ్గానే చేసింది. ఇరవై ఎనిమిది వేల శిక్ష దానికెందుకు?

క్రాంక్ సెన్సార్ బొటనవేలంత ఉంటుంది. కొన్ని బండ్లలో ముందు పుల్లీ దగ్గర, కొన్నింటిలో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట, ఒక పళ్ల చక్రానికి ముక్కు ఆనిస్తున్నట్టు బిగించి ఉంటుంది. చాలా బండ్లలో ఆ చక్రం మీద అరవై పళ్లు పట్టేంత చోటుండి, అందులో రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ బోసి చోటు ఎదురుగా వచ్చినప్పుడల్లా కంప్యూటరు "ఇదిగో, పిస్టన్ ఇక్కడుంది" అని లెక్క కట్టుకుంటుంది. రెండు వైర్ల సెన్సార్లలో అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఆ తీగ ఎక్కడో కంటికి కనిపించనంతగా చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ ఆనుకుని ఉంటాయి, బండి నడుస్తుంది. వేడెక్కితే ఎడమవుతాయి, వార్త తెగుతుంది. ఇరవై నిమిషాలు చెట్టు కింద ఆగితే మళ్లీ ఆనుకుంటాయి. పొద్దున ఏడింటి ప్రయాణంలో ఇది ఎందుకు బయటపడలేదో మీకే అర్థమై ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి. చాలా ఏళ్ల కిందట ఒక టాక్సీ అబ్బాయి వచ్చాడు. శ్రీశైలం ట్రిప్పుకు పోయినప్పుడల్లా డిండి దాటాక బండి ఆగుతోందన్నాడు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "పంపు పోయింది" అని తేల్చేసి కొత్త పెట్రోల్ పంపు వేసి ఆరున్నర వేలు తీసుకున్నాను. అయిదో రోజు ఇంకో బండికి తాడు కట్టించుకుని వచ్చాడు. తిట్టలేదు. తాళంచెవి నా బల్ల మీద పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ బండి నేనే తోలాను. నార్కట్‌పల్లి దాకా ఏమీ లేదు. హైవే ఎక్కి సూర్యాపేట వైపు తిప్పాను. కట్టంగూర్ దాటాక చప్పుడు లేకుండా చచ్చింది. పక్కకు తీసి బోనెట్ ఎత్తాను. తాగడానికి తెచ్చిన చల్లటి నీళ్లతో గుడ్డ తడిపి, ఎగ్జాస్ట్ పైపుకు తగలకుండా చెయ్యి దూర్చి, సెన్సార్ చుట్టూ అయిదు నిమిషాలు పట్టి ఉంచాను. "ఇప్పుడు కొట్టు" అన్నాను. మొదటి దెబ్బకే అందుకుంది. మళ్లీ పది కిలోమీటర్లకు ఆగింది, మళ్లీ తడిగుడ్డ, మళ్లీ స్టార్ట్. పంపు డబ్బులు తిరిగిచ్చి సెన్సార్ ధర ఒక్కటే తీసుకున్నాను. ఆ రోజు నుంచి, ఆగే బండి వస్తే పానా పట్టుకునే ముందు పెన్ను పట్టుకుంటాను. ఎప్పుడు ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, ట్యాంకులో ఎంత పెట్రోలుంది, ఏసీ వేసి ఉందా, సూది ఎలా పడింది అని రాసుకుంటాను. మా షెడ్డు కుర్రాళ్లు "సార్ పరీక్ష పెడుతున్నాడు" అని నవ్వుతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. వచ్చేసారి ఆగినప్పుడు (ఆగాలని కోరుకోవడం లేదు కానీ ఆగుతుంది) చల్లబడకముందే రెండు పనులు చేయండి. మొదటిది, తాళం ఆన్ చేసి వెనక సీటు కింద చెవి పెట్టండి. రెండు క్షణాలు "కుయ్‌య్" అని సన్నటి చప్పుడు వస్తే పంపుకు కరెంటు అందుతోందని తెలుస్తుంది. రెండోది, మీవారిని సెల్ఫ్ కొట్టమని మీరు ఆర్పీఎం సూది చూడండి. సెల్ఫ్ మీద ఇంజిన్ తిరిగేటప్పుడు చాలా బండ్లలో సూది కొద్దిగానైనా లేస్తుంది. పొద్దున బండి బాగున్నప్పుడు ఒకసారి చూసి పెట్టుకోండి. పొద్దున లేచిన సూది మధ్యాహ్నం చచ్చినట్టు పడి ఉందంటే, సెన్సార్ మీద అనుమానం దాదాపు రుజువైనట్టే.

తర్వాత స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి కోడ్ (కంప్యూటరు రాసిపెట్టుకున్న తప్పు నంబరు) చదివించండి. స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది, అయిదు నిమిషాల పని. పీ 0335 అని వస్తే అది క్రాంక్ సెన్సార్ సర్క్యూట్ కోడ్. కానీ ఆ కోడ్ రాగానే సెన్సార్ మార్చేయమని కాదు. సెన్సార్, దానికి వైరు తగిలించే ప్లగ్గు, కంప్యూటరు దాకా పోయే వైరు, వీటిలో ఏది చెడినా అదే కోడ్ వస్తుంది. ప్లగ్గు ఊడదీసి పిన్నులకు పచ్చగా తుప్పు పట్టిందేమో, నూనె దిగిందేమో చూడమనండి. వైరింగ్ ఎగ్జాస్ట్‌కు రాసుకుని కాలిందేమో చూడాలి. ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు, వరి కోతలప్పుడు మా షెడ్డుకు ఎలుక కొరికిన బండి రాని వారం ఉండదు. ఇంకో మాట, ఇలా అప్పుడప్పుడూ వచ్చిపోయే రోగానికి ఒక్కోసారి కోడే పడదు. "స్కానర్‌లో ఏమీ లేదు, బండి బాగుంది" అంటే నమ్మి వచ్చేయకండి.

మెకానిక్ కొంచెం ఓపిక ఉన్నవాడైతే షెడ్డులోనే రోగాన్ని రప్పించవచ్చు. నేను మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి షెడ్డులో పెట్టుకున్నాను (ఇంట్లో ఈ విషయం మీద ఇప్పటికీ గొడవే). ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ మీదికి వేడిగాలి కొడతాం. నాలుగైదు నిమిషాల్లో టక్కున ఆగిందంటే దొంగ దొరికినట్టే. రెండు వైర్ల సెన్సార్ అయితే మీటరు పెట్టి చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడిగా ఉన్నప్పుడొకసారి ఓమ్‌లు కొలుస్తాం. వేడికి రీడింగ్ కొంచెం పెరగడం మామూలే, ఏకంగా తెగిపోయినట్టు చూపిస్తే తీసి పారేయడమే. మూడు వైర్లదైతే చాలావరకు అది వేరే రకం, దాన్ని ఓమ్‌లలో కొలవకూడదు.

ఒకవేళ ఆ "కుయ్‌య్" చప్పుడు రాలేదనుకోండి. అప్పుడు కథ పంపు వైపో, దాని రిలే (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్) వైపో తిరుగుతుంది. ఫ్యూజు బాక్సులో పంపు రిలే, హారన్ రిలే చాలా బండ్లలో ఒకే నంబరువి ఉంటాయి. నంబర్లు కలిస్తే అటుదిటు, ఇటుదటు మార్చి చూడండి. బండి స్టార్టయి హారన్ మూగబోతే రిలేదే తప్పు, వందల రూపాయల్లో పోతుంది. రిలే బాగుంటే, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ట్యాంకు కింద చేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. దానికి లేస్తే పంపు ముసలిదైందని అర్థం. మీరు పెట్రోలు ఎంత కొట్టిస్తారో రాయలేదు కానీ, మన దగ్గర అయిదొందలకు కొట్టించి ఎర్ర లైటు వెలిగేదాకా తిప్పే అలవాటు చాలామందికి ఉంది. పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. ఎండాకాలం ట్యాంకు పావు కంటే కిందికి దిగనీయకండి.

"ఎండకు పైపులో పెట్రోలు ఆవిరైపోయింది" అని ఎవరైనా అంటే విని ఊరుకోండి. కార్బురేటర్ బండ్ల కాలంలో అది నిజం. అంబాసిడర్ పంపు మీద తడి గోనె సంచి వేసి నేనూ నడిపించాను. ఇప్పటి బండ్లలో పంపు ట్యాంకులో కూర్చుని, దాదాపు 3 బార్ల ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోస్తుంటుంది. మన ఎండకు అందులో ఆవిరి పట్టడం చాలా అరుదు.

సెన్సార్ మార్చాల్సి వస్తే కంపెనీదే వేయించండి. డూప్లికేటుకు కొన్ని వందలు మిగుల్తాయి కానీ వచ్చే ఎండాకాలం మళ్లీ అదే గుర్రంపోడు, అదే చెట్టు. ఈసీఎం అన్నాయనను కోపగించుకోకుండా ఒకటే అడగండి: "దానికి వచ్చే కరెంటు, ఎర్త్ రెండూ బండి ఆగి ఉన్నప్పుడు కొలిచారా?" అని. కొలిచి ఉంటే ఆయన మాటకు విలువ ఇద్దాం.

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాను. నా కారు హైవే మీద బంగారంలా నడుస్తుంది. ఊళ్లోకి వచ్చి స్పీడ్ బ్రేకర్ దగ్గర క్లచ్ నొక్కితే ఆగిపోతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. తాళం తిప్పితే వెంటనే స్టార్టవుతుంది. ఇదీ సెన్సారేనా?

జవాబు: కాదు. మీది ఊపిరి సమస్య. యాక్సిలేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్‌కు అందాల్సిన కొద్దిపాటి గాలి అందడం లేదు. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని రేకుతో అదుపు చేసే భాగం) ఊడదీసి, దాని రేకు అంచున నల్లగా కట్టిన మసిని దానికోసం దొరికే స్ప్రేతో, మెత్తటి గుడ్డతో తుడిపించండి. పెట్రోలు పోసి గీకనివ్వకండి. దారంతో నడిచే థ్రాటిల్ అయితే ఐడిల్ వాల్వ్ (యాక్సిలేటర్ వదిలినప్పుడు గాలి అందించేది) కూడా తీసి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే వేలితో రేకును బలంగా తోయకూడదు, శుభ్రం చేశాక స్కానర్‌తో ఐడిల్‌ను మళ్లీ నేర్పించాల్సి రావచ్చు. మిల్లు ఆవరణలో బండి పెడతారు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి విప్పి చూడండి. మీ ఊరి బండ్ల ఫిల్టర్లు దులిపితే తవుడు రాలుతుంది.

ప్రశ్న: జడ్చర్ల. మా కారు గుంతలో పడగానే ఆగిపోతుంది, ఒక్కోసారి తనే మళ్లీ అందుకుంటుంది. మీటర్లో లైట్లన్నీ ఒకసారి ఆరి వెలుగుతాయి.

జవాబు: లైట్లన్నీ ఆరాయంటే మొత్తం బండికే కరెంటు తెగి అతుక్కుంటోంది. బ్యాటరీ టెర్మినల్ చేత్తో తిప్పి చూడండి, కదిలితే అక్కడే ఉంది. గట్టిగా ఉంటే నెగెటివ్ తీగ బాడీకి, ఇంజిన్‌కు బిగించిన చోట్లు విప్పి, తుప్పు గీకి బిగించాలి. అవీ బాగుంటే ఇంజిన్ నడుస్తుండగా, బండి నిలబెట్టి, తాళంచెవిని వేలితో అటూ ఇటూ మెల్లగా ఊపండి. ఆగిందా, ఇగ్నిషన్ స్విచ్ అరిగింది. మొన్న ఇలాగే వచ్చిన ఒకాయన తాళంచెవి గుత్తికి ఇంటి తాళాలు, బీరువా తాళం, బోరు మోటారు స్టార్టర్ డబ్బా తాళం, యాదగిరిగుట్టలో కొన్న ఇత్తడి బిళ్ల వేలాడుతున్నాయి. ప్రతి గుంతకూ ఆ బరువంతా స్విచ్‌ను గుంజేది.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ నుంచి రాస్తున్నాను. ఇద్దరు పిల్లలతో నేనే బండి నడుపుతాను. నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలి? ఒకసారి స్టీరింగ్ రాయిలా అయిపోయింది, చాలా టెన్షన్ పడ్డాను.

జవాబు: అమ్మా, స్టీరింగ్ బిగుసుకుపోలేదు. దాన్ని తేలికపరిచే పవర్ ఆగింది, అంతే. రెండు చేతులతో గట్టిగా తిప్పితే తిరుగుతుంది. మొదట నాలుగు లైట్లూ వేయండి. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తెండి. బ్రేకుకు ఒకటి రెండు నొక్కులకు సరిపడా బలం ఇంకా మిగిలి ఉంటుంది. ఊకె నొక్కి వదులుతూ ఉంటే అదీ అయిపోతుంది. ఒక్కసారే నొక్కి పట్టుకుని ఎడమకు దించండి. పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. శ్రీశైలం వైపు పోతే మన్ననూరు దాటాక అడవి, ఫోను సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం. ఆగే రోగమున్న బండిని ఆ దారి పట్టించకండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి, సాయం వస్తుంది. ఆపద అనిపిస్తే 112. వెనక త్రికోణం బోర్డు యాభై మీటర్లైనా దూరంగా పెట్టండి. పిల్లలను బండిలో ఉంచకండి, డివైడర్ వైపు దించకండి. ఎడమ తలుపు తీసి, రోడ్డు దిగి, పొలం గట్టు వైపు నిలబెట్టండి.